బస్సులో ఆగిపోయిన యుద్ధం సినిమా

మద్దిలపాలెంలో నేనెక్కిన బస్సులో ఏదో యుద్ధం సినిమా వేశారు. దాహంతో పడిపోయిన తోటివాడికి నీళ్లు అడిగాడని ఒక సిపాయిని ఆఫీసరు చెంప మీద కొట్టాడు. ఆ సిపాయి అదే ఆఫీసరుకి సెల్యూట్ చేసి శత్రువుల మీదకి కొండెక్కాడు. బస్సంతా చప్పట్లు.

నా పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ మాత్రం కోపంగా టీవీ వైపు చెయ్యి చూపించింది.

"ఏటా సప్పట్లు? దెబ్బ తిన్నోడు దణ్ణమెట్టాడనా?"

ముందు సీటతను వెనక్కి తిరిగి నవ్వాడు. "సినిమాయే కదా పిన్నీ. మిలిటరీ అంటే అలాగే ఉండాల."

"మా ఇంటాయన మిలిటరీలోనే సేసాడు బాబూ. ఇలాగే అందరి ముందూ దెబ్బ తిన్నాడు. రిటైరై ఇన్నేళ్లయినా, వీధిలో ఎవుడైనా గట్టిగా అరిస్తే అన్నం కాడి నుంచి లేచి నిటారుగా నిలబడిపోతాడు. నాను భుజం పట్టుకుని కూకోబెట్టాల. దానికి కొట్టండి సప్పట్లు!"

అతని నవ్వు ఆగిపోయింది. ఆవిడ లేచి, ఊగుతున్న బస్సులో సీట్లు పట్టుకుంటూ వెళ్లి టీవీ కట్టేసింది. కండక్టరు పక్కకి జరిగి ఆవిడకి దారిచ్చాడు.

ఆనందపురంలో ఆవిడ దిగిపోగానే, సినిమా మళ్లీ పెట్టమని ఎవరో కేకేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆ టీవీ స్విచ్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. నేను దిగాల్సిన చోటు వచ్చేదాకా తియ్యలేదు.