పరీక్ష చక్రాలు

బండ్ల తనిఖీ యార్డు గేటు పక్కనే, యార్డు గోడకి రేకులు ఆనించి కట్టిన షెడ్డు గట్టి మేస్త్రిది. స్థలం తనిఖీ ఆఫీసుది, అనుమతి ఏటేటా ఆఫీసే ఇవ్వాలి. పాత కార్లు ఆ గేటులోకి కడిగిన మొహాలతో వెళ్ళి, తప్పుల చీటీ పట్టుకుని బయటికొచ్చేవి. వచ్చినవి వచ్చినట్టు అతని షెడ్డులోకి దూరేవి. ఏ బండి గురించి ఎవరేమడిగినా "గట్టిగానే ఉందిలెండి" అనేవాడు కనక ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

పనిమంతుడే, కాదనడానికి లేదు. ఇంజను దగ్గుతుంటే విని జబ్బు చెప్పేవాడు. కానీ షెడ్డు మూల, టార్పాలిన్ కింద, నాలుగు మంచి చక్రాలు ఉండేవి. వాటిని పరీక్ష చక్రాలనేవారు. టైర్లు అరిగి ఫెయిలయిన కారుకి అవి బిగించి లోపలికి పంపేవాడు. ముద్ర పడి బయటికి రాగానే విప్పేసి, పాత బోడి టైర్లే తగిలించి సాగనంపేవాడు. ఆ చుట్టుపక్కల పాత కార్లలో సగానికి సగం ఒకే మోడలు కావడం అతనికి కలిసొచ్చింది. ఆ బోడి టైర్లు తర్వాత ఏ మలుపులో జారాయో, ఎవరి కాలు విరగ్గొట్టాయో, ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆరా తీయలేదు మహానుభావుడు.

అతనికి ఒక్కతే చెల్లెలు. భర్త పోయాక మిగిలింది పందొమ్మిదేళ్ళ పాత కారు. అన్న దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుని, ఏడుగురు పిల్లల్ని బడికి దింపి తెచ్చే పని పట్టుకుంది. ఆ ఏడాది కారు తనిఖీలో తప్పింది. చీటీలో ఆరు తప్పులు రాసిచ్చారు. బ్రేకులు ఒకవైపుకి లాగుతున్నాయి, హ్యాండ్ బ్రేకు నిలవడం లేదు, ఒక హెడ్‌లైటు చెట్లకేసి చూస్తోంది, నాలుగు టైర్లూ బోడివి, ఇంకా అలాంటివే. పదిహేను రోజుల్లో బాగుచేసి చూపించాలి. సోమవారం బడులు తెరుస్తారు. అప్పటికి ముద్ర పడకపోతే పిల్లల తల్లిదండ్రులు వేరే బండి చూసుకుంటారు, ఆమె పొయ్యి ఆరిపోతుంది.

"అన్నయ్యా, అందరి బండ్లలాగా చెయ్యొద్దు నాకు. నేను పిల్లల్ని ఎక్కించుకుంటాను," అంది చీటీ చేతికిస్తూ.

"నాకు చెప్తున్నావా? నువ్వెళ్ళి పడుకోవే తల్లీ, నేను చూసుకుంటాగా."

చూసుకున్నాడు కూడా. నాలుగు రోజులు ఇంకో బండి ముట్టలేదు. బ్రేకులు విప్పి కొత్త లైనింగులు వేశాడు, కేబులు మార్చాడు, లైటు సరిచేశాడు. ఎవరికీ చేయనంత శ్రద్ధగా చేశాడు. ఇక మిగిలినవి టైర్లు. అక్కడ బుద్ధి గడ్డి తింది. నాలుగు వీధులు తిరిగే బండికి ఇప్పుడే కొత్తవెందుకు, వానాకాలానికి చూద్దాంలే అనుకున్నాడు. చెయ్యి అలవాటుగా టార్పాలిన్ మీదికి పోయింది.

శనివారం పొద్దున ఆమె వచ్చేసరికి కారు తయారుగా ఉంది.

"టైర్లు కొత్తవా అన్నయ్యా?"

"గట్టిగానే ఉన్నాయిలే."

ఆ పిచ్చిది తడిగుడ్డ తెచ్చి నాలుగింటినీ చంటిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. అతను చూస్తూ ఊరుకున్నాడు.

యార్డులో ఇన్‌స్పెక్టరమ్మ కొత్తగా వచ్చి రెండు నెలలయింది. బ్రేకులు చూసి తలూపింది, లైట్లు చూసి తలూపింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని టైరు పక్కన అచ్చుపోసిన నంబరు చదివింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసింది.

"ఇవి నాకు పాత చుట్టాలే. ఈ రెండు నెలల్లో పదకొండు కార్ల కింద చూశాను," అంది. "ఎవరు బిగించారు?"

కారు వెంటే వచ్చిన మేస్త్రి చేతిలో స్పానరు తుడవడం మొదలుపెట్టాడు. తను బిగించానంటే షెడ్డు పోతుంది, ముప్పై ఏళ్ళ బతుకు రేకులతో సహా పోతుంది. చెల్లెలు అతనికేసే చూస్తోంది. అన్నయ్య ఏదో ఒకటి సర్ది చెప్తాడని నమ్మకం, ఆ చూపులో ఇంకేం లేదు.

"నాకు తెలీదు మేడం. బ్రేకులు, లైటు నేను చేశాను. చక్రాలు ఆవిడే ఎక్కణ్ణుంచో తెచ్చుకుంది."

"ఆవిడ మీకేమవుతుంది?"

"కస్టమరు," అన్నాడు.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే ఆశ్చర్యమేసింది. ఇన్‌స్పెక్టరమ్మ అతన్ని వదిలేసి ఆమె వైపు తిరిగింది.

"చూడమ్మా, నాకు కళ్ళున్నాయి. కానీ కాగితం మీదికి మనిషి మాట కావాలి. ఇతనే బిగించాడని చెప్పు, నీకు ఇంకో వారం గడువిస్తాను. నువ్వే తెచ్చావంటే మోసం కింద రాయాలి. ఈ బండిలో ఇక పిల్లల్ని ఎక్కించడానికి లేదు, ఈ ఏడాదే కాదు, ఎప్పటికీ."

ఆమె అన్నని చూసింది. అతను తల వంచుకుని, శుభ్రంగా ఉన్న స్పానరునే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. నిజం చెప్పెయ్యవే అని లోపల ఒక మూల అనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు. పెదవి మాత్రం కదపలేదు.

"నేనే తెచ్చుకున్నానండి," అంది ఆమె.

ఇన్‌స్పెక్టరమ్మ రాసుకుంది. పరీక్ష చక్రాలు అక్కడే విప్పించి లోపల పెట్టించుకుంది. మేస్త్రి షెడ్డులోంచి ఆ బోడి టైర్లని ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి, అందరి ముందూ బిగించాడు. పదహారు నట్లు. ఆమె పక్కనే నిలబడి చూసింది. తిడుతుందేమోనని ప్రతి నట్టు దగ్గరా ఆగాడు. తిట్టి ఉంటే బాగుండును. ఆమె తిట్టలేదు.

ఆమె కారు గేటు బయటికి తెచ్చాక దగ్గరికెళ్ళాడు.

"షెడ్డు నిలబడితేనే కదే, రేపు నీకైనా ఏదో ఒకటి చెయ్యగలిగేది. నాలుగు రోజులు పోనీ, నేను..."

"ఎంతయిందండీ?" అంది ఆమె.

"ఏంటే ఆ మాటలు?"

"బ్రేకులు, కేబులు, లైటు. నాలుగు రోజుల పని. ఎంతయిందో చెప్పండి."

పుట్టి బుద్ధెరిగాక ఆమె అతన్ని మీరనడం అదే మొదలు. నా దగ్గర నీకు డబ్బేంటే అనాలి, కాళ్ళ మీద పడాలి, కనీసం ఏడవాలి. ఎదురుగా పర్సు తెరిచి నిలబడ్డ మనిషిని చూసేసరికి, ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డు ముందు నిలబడి ప్రతి కస్టమరుకీ చెప్పిన మాటే నోట్లోంచి జారింది.

"మీ ఇష్టమండీ. ఎంతిచ్చినా సరే."

ఆమె ఇచ్చింది. అతను తీసుకున్నాడు.