క్లింగెంటాల్‌లో నేల కదిలిన ఆదివారం

జర్మనీలో భూకంపాలేమిటి అని నేనూ అనుకున్నాను, స్వప్నక్క వరుసగా ఫోన్లు చేసేదాకా. స్వప్నక్క కెమ్నిట్జ్ యూనివర్సిటీలో నాకు సీనియర్. మాస్టర్స్ అయ్యాక బ్లూ కార్డ్ అనే ఉద్యోగ వీసా మీద, చెక్ సరిహద్దు పక్కనే ఉన్న క్లింగెంటాల్‌లో ఒక యంత్రాల కంపెనీలో చేరింది. ఆ వారమంతా అక్కడ రోజూ నేల కదులుతోందట. "ఏం కాదక్కా, చిన్నయే గదా" అని చెప్పీ చెప్పీ విసిగిపోయాను. శనివారం మాత్రం "నువ్వు గూడ గదే అంటున్నవ్‌రా" అని ఫోన్ పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఇక లాభం లేదని ఆదివారం పొద్దున్నే బయలుదేరాను.

కెమ్నిట్జ్ నుంచి స్వికావ్ దాకా గంటలోపు ప్రయాణం. అక్కడ చిన్న డీజిల్ రైలు ఎక్కితే కొండల మధ్యగా క్లింగెంటాల్ చేరుస్తుంది. అన్నీ లోకల్ రైళ్ళే కాబట్టి డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెల పాసు చాలు. కానీ ఫాల్కెన్‌స్టైన్‌లో అందరినీ దించేశారు. పట్టాల పని, ఇక్కణ్ణుంచి బస్సు అన్నారు. బస్సు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేదు. నేను ప్లాట్‌ఫాం మీద వెతుకుతుంటే అది స్టేషన్ వెనక నుంచి వెళ్ళిపోయింది. ఆదివారం కదా, టీ దొరికే కొట్టు కూడా లేదు. చలిలో గంట నిలబడ్డాక ఇంకో బస్సు వచ్చింది.

"ఎక్కడ ఎక్కాలో బోర్డు పెట్టొచ్చు కదా?" అని డ్రైవర్‌ని అడిగాను.

"పెట్టాం. బస్సు ఆగే చోట."

ఆయనతో వాదించే ఓపిక లేక భూకంపాల గురించి అడిగాను. "కొన్నేళ్ళకోసారి గుంపుగా వస్తాయి, పోతాయి. అల్మరాలో కప్పులు గలగలమంటాయి, అంతే" అన్నాడు.

స్వప్నక్క పాత ఇంట్లో పై అంతస్తులో ఉంటోంది. తలుపు తీసినప్పుడు ఇంట్లోనే జాకెట్, బూట్లు వేసుకుని ఉంది. పాస్‌పోర్టు సంచి గడప పక్కనే పెట్టుకుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. టమాట పప్పు వడ్డిస్తుంటే నేను దారిలో ఫోన్‌లో చదివిందంతా మొదలుపెట్టాను. రైన్ నది వైపు వచ్చిన భూకంపానికి కొలోన్ పెద్ద చర్చి పైనుంచి రాయి విరిగిపడిందని, దక్షిణాన ష్వాబియా కొండల్లో ఇళ్ళు దెబ్బతిన్నాయని, ఇక్కడ కప్పులు గలగలమనడం తప్ప ఏమీ కాదని చెప్పాను.

"నాకు పాఠం చెప్పకురా" అంది. "మా నాయిన సూరత్‌ల మరమగ్గాల మీద పనిచేసెటోడు. భుజ్ భూకంపం అప్పుడు మేం ఆడనే ఉన్నం. మా పక్క బిల్డింగు కూలింది. నాతోని ఆడుకునే పిల్ల అండ్లనే పోయింది. గప్పుడు గూడ ముందుగాల గిన్నెలే చప్పుడు చేసినయ్."

ఇన్నేళ్ళ పరిచయంలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

అన్నం ముద్ద చేతిలో ఉండగానే కింద లారీ గుద్దినట్టు దబ్బుమని చప్పుడైంది. కిటికీ అద్దాలు వణికాయి. నేను కొయ్యబారిపోయాను. అక్క నా మెడపట్టి బల్ల కిందికి లాగింది. నిజానికి అది రెప్పపాటే. ఆగిపోయాక కూడా ఆమె చెయ్యి నా మెడ మీదే ఉంది.

కింద ఉండే ఇంటి యజమానురాలు, డెబ్బై దాటిన ఫ్రౌ సైడెల్, మెట్లెక్కి వచ్చి "ఇది మామూలే" అంది. నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే అక్క జర్మన్‌లో, తడబడుతూ, సూరత్ సంగతి చెప్పింది. ఆవిడ గడప పక్కనున్న పాస్‌పోర్టు సంచి వైపు చూసింది. తర్వాత, "నా కుట్టుమిషన్ గది తలుపు నేరుగా తోటలోకి తెరుచుకుంటుంది. నీ మంచం ఆ గదిలోకి దించుకో" అంది.

ఆ సాయంత్రం మంచం దించడానికి నా నడుము విరిగింది. మెట్ల మలుపులో ఇరుక్కుంటే ఫ్రౌ సైడెల్ పైనుంచి ఆజ్ఞలు జారీ చేసింది. మర్నాడు కెమ్నిట్జ్ నుంచి ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. కంగారుపడ్డాను. మధ్యాహ్నం తనే చేసి, అలారం మోగినా వినపడలేదని, ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళానని చెప్పింది.

కొన్నాళ్ళకు ప్రకంపనలు తగ్గిపోయాయి. అక్క మాత్రం ఇంకా ఆ కింది గదిలోనే ఉంది. బస్సు కోసం నిలబడిన గంట మీద కోపం నాకిప్పటికీ పోలేదు గానీ, ఆ వారమంతా ఫోన్‌లో నేనిచ్చిన ధైర్యం ఆమెకు ఎందుకూ పనికిరాలేదని ఆ బల్ల కింద అర్థమైంది. అటువైపు ఇల్లు చూసుకునేవాళ్ళకు ఒక్క సూచన: అద్దె సంగతి తర్వాత, ముందు ఆ ఇంట్లోంచి బయటపడటానికి ఎన్ని మెట్లు దిగాలో చూసుకోండి.