దేవకృపమ్మ చదివిన ప్రార్థన

దేవకృపమ్మ ప్రార్థన మొదలుపెట్టిందంటే పక్కింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించేవారు. బోయిన్‌పల్లిలో ఆ రేకుల ఇళ్ళ వరసలో ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా, ఎవరి మగడు అలిగి వెళ్ళిపోయినా ముందు ఆమెకే కబురు. దేవుడితో ఆమెకు మొహమాటం లేదు. అడిగేది, నిలదీసేది, ఒక్కోసారి పోట్లాడేది కూడా.

కృష్ణా జిల్లా నుంచి పెళ్ళి చేసుకుని వచ్చింది. భర్త నోవహు కూరగాయల మార్కెట్లో హమాలీ. ఉల్లిగడ్డల మూటలు మోసీ మోసీ ఆయన మెడ వెనక కాయ కాసింది. ఆ కష్టంతోనే కొడుకు శాంతికుమార్‌ని ఇంగ్లీషు మీడియంలో చదివించాడు. సొంత ఇల్లు ఆయన కల. "ఇంట్లోకి పోయిన రోజు నువ్వే ప్రార్థన చెయ్యాలి. అందులో నా పేరు మర్చిపోకు" అని నవ్వేవాడు. కొడుక్కి ఉద్యోగం వచ్చిన ఏడాదే పోయాడు.

కొడుక్కి ఇంగ్లీషు చెప్పించినందుకు ఆమెకు ఏనాడూ విచారం లేదు. అన్నం పెట్టే చదువు ఏదైనా మంచిదే. ఆమెకు ఒళ్ళు మండేది వాడు దాన్ని వాడే తీరు చూసి. ఆఫీసులో మాట్లాడితే సరే, కూరలబండి దగ్గర ఎందుకు? "హౌ మచ్ దిస్ టమాటా?" అని వాడు అడిగితే, చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచిన పుష్పమ్మ తెల్లబోయింది. "గిదేందిరా శాంతీ, నాతోని సుత గిట్లనే మాట్లాడుతవా?"

కోడలు జెనిఫర్ సంగతి చెప్పనక్కర్లేదు. మూడేళ్ళ కూతురు హదస్సాతో "బనానా ఈట్ చెయ్, షూస్ వేర్ చెయ్" అంటుంది. నానమ్మ దగ్గర ఎక్కువసేపు ఉంటే పిల్ల భాష పాడైపోతుందట! పాడవడానికి అక్కడేం మిగిలిందో ఆ దేవుడికే తెలియాలి.

కిందటేడు యాప్రాల్‌లో ఫ్లాటు కొన్నారు. గృహప్రతిష్ఠ రోజున ఇంటి పెద్దలు ప్రార్థన చేయడం వాళ్ళ ఆనవాయితీ. దేవకృపమ్మ ఆ నాలుగు మాటల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. తీరా ఆ ఉదయం చుట్టాలు వస్తుండగా కొడుకు ఆమె చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"ఇదేంట్రా?"

"ప్రేయర్, అమ్మా. ఇంగ్లీషే, కానీ తెలుగు అక్షరాల్లో రాశాను. ఫోన్‌ని అడిగితే చెప్పింది. మా డైరెక్టర్ రామ్మోహనరావు గారొస్తున్నారు. ఇది చదివెయ్ చాలు."

"నాకే అర్థం కానిది దేవుడికేం చెప్పమంటావురా?"

"ఆయనకి అర్థమవుతుంది కదా! ప్లీజ్ అమ్మా, నలుగుర్లో పరువు తియ్యకు."

పరువు! ఆ మాటకు ఆమె గుండెలో మంట లేచింది. శుభమా అని ఇంట్లో అడుగుపెట్టిన రోజు గొడవెందుకని మింగేసింది.

పాస్టరు అయ్యగారు వాక్యం చదివి కూర్చున్నారు. దేవకృపమ్మ లేచింది. కొడుకు ఫోన్‌లో వీడియో మొదలుపెట్టాడు.

"ఆల్మైటీ ఫాదర్, వుయ్ థ్యాంక్ యూ ఫర్ దిస్ లగ్జూరియస్ హోమ్..."

నాలుక మడత పడుతోంది. అయినా చదివింది. ఇంగ్లీషు రాకపోతేనేం, పేరు ఏ భాషలోనైనా పేరే కదా. ఒక్క పేరు కోసం చెవులు రిక్కించుకుని తను చదివేది తనే వింది. రామ్మోహనరావు పేరు వచ్చింది. శాంతికుమార్ వచ్చాడు, జెనిఫర్ వచ్చింది. అపార్ట్‌మెంటు పేరు కూడా వచ్చింది. ఆఖరికి ఆమెన్ వచ్చేసింది. కాగితం వెనక్కి తిప్పి చూసింది. ఖాళీ.

చప్పట్లు కొట్టారు. ప్రార్థనకు చప్పట్లు! రామ్మోహనరావు గారు "వండర్‌ఫుల్" అన్నారు. "సూపర్ మమ్మీ" అంది కోడలు. బిర్యానీ గిన్నెల మూతలు తీస్తున్నారు.

ఆమె కొడుకు దగ్గరికి వెళ్ళింది. "మీ నాన్న పేరేదిరా?"

"అబ్బా, ఇప్పుడెందుకమ్మా?" వాడు గొంతు తగ్గించాడు. "పేరు చెప్తే ఆయనేం చేసేవారని అడుగుతారు."

అప్పుడు భగ్గుమంది ఆమెకు. ఆ కాగితాన్ని మడిచి వాడి చొక్కా జేబులో కుక్కింది. పైట కొంగు తలమీదికి లాక్కుని కొత్త పాలరాతి నేల మీద మోకరించింది.

"అందరూ ఆగండి. ఇందాక నేను చదివానంతే. ప్రార్థన ఇంకా కాలేదు."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, నేను దేవకృపను. బోయిన్‌పల్లి మార్కెట్లో మూటలు మోసిన హమాలీ నోవహు భార్యను. ఈ ఇల్లు ఆయన మెడ మీద లేచింది. ఆ సంగతి చెప్పుకోవడానికి నా కొడుక్కి సిగ్గుగా ఉంది. ముందు వాడి సిగ్గు తీసెయ్యి తండ్రీ. ఇంటిని తర్వాత దీవిద్దువుగాని."