పడమటి కన్నాలు

మా నాన్న పెద్ద కట్టడాలకు నమూనాలు గీసేవారు. బీచ్ రోడ్డులో సభాహాలు, రేవు దగ్గర ఆసుపత్రి, కొండ మీద ప్రార్థనా మందిరం ఆయన బల్ల మీద పుట్టినవే. శిలాఫలకాల మీద మాత్రం మంత్రుల పేర్లే ఉండేవి. నేను బడికి వెళ్ళలేదు. లెక్కలూ, బైబిలూ ఆ బల్ల పక్కనే కూర్చోబెట్టి చెప్పారు. అందుకు దేవునికి ఇప్పటికీ వందనాలు చెప్పుకుంటాను.

ఆయన గీసిన ప్రతి హాలుకూ పడమటి గోడలో, కప్పు కిందుగా, తలుపుల్లేని కన్నాల వరస ఉండేది. "సముద్రం వైపు నుంచి జొరబడ్డ గాలి బయటికి పోవాలి కదమ్మా. దారి లేకపోతే కప్పుని ఎత్తుకుపోతుంది," అనేవారు.

డెబ్బైల్లో ఒక తుఫాను మధ్యాహ్నం మా పేటవాళ్ళం ఆ సభాహాల్లోనే తలదాచుకున్నాం. తూర్పు కిటికీ ఒకటి ఊడిపోయింది. కన్నాలన్నీ ఒక్కసారిగా ఊళ పెట్టాయి. పిల్లలు గుక్కపట్టారు.

"గాలి ఆ కన్నాల్లోంచే వత్తంది. గోనెలు కుక్కీండి," అంది చేపలమ్మే ఆవిడ. మగవాళ్ళు బల్లలెక్కారు.

"వద్దు బాబూ," అని నాన్న లేచారు.

"ఏటి వద్దు? పిల్లలు బెదిరి సచ్చిపోతన్నారు. కట్టినోడు కన్నాలు పూడ్సడం మర్సిపోనాడు."

"మర్చిపోలేదమ్మా. గీసింది నేనే."

ఆమె ఎగాదిగా చూసింది. "నువ్వా? మరి బయట రాతి మీద మంత్రిగోరి పేరేటి?"

అంత భయంలోనూ కొందరు నవ్వారు. 

కన్నాలు గోనెలతో నిండేకొద్దీ ఊళ తగ్గింది. నాకూ ప్రాణం కుదుటపడింది. అంతలో పైన రేకుల బోల్టులు టకటకమని కొట్టుకోసాగాయి. తలల మీద దుమ్ము రాలింది. నాన్న ముఖంలో నెత్తురు లేదు. ఆయన మోకాళ్ళు బల్ల ఎక్కనివ్వవు. గోనెలు లాగెయ్యమన్నట్టు నా వైపు చూశారు.

ఆయన లెక్క తప్పయితే? ఇంతమంది పిల్లలు. ప్రభువా, మా నాన్న మాట నిలబెట్టు అనుకుంటూ బల్లెక్కాను. ఒక గోనె కొస పట్టి కదిపాను. అది నా చేతిలో నిలవలేదు. లోపలికీ రాలేదు. కన్నంలోంచి బయటికి ఎగిరిపోయింది.

"ఓలమ్మ, గాలి బయటికెల్తంది," అంది చేపలావిడ. చీర ఎగదోపుకుని నా పక్కకి ఎక్కేసింది. "లాగీండర్రా, సూత్తారేటి?"

గోనెలన్నీ పోయాక బోల్టుల చప్పుడు సద్దుమణిగింది. ఊళ మళ్ళీ మొదలైంది. గాలి తగ్గేదాకా పిల్లల చెవులు మూసుకుని, ఆ ఊళలోనే కూర్చున్నాం.

ఇప్పుడు నాన్న లేరు. ఉక్కునగరం వైపు ఎవరెవరో కడుతున్న కొత్త హాళ్ళకు కూడా పడమటి గోడల్లో కన్నాలు కనిపిస్తున్నాయి. ఎవరు మొదలుపెట్టారని ఎవరూ అడగరు. నాకు మాత్రం గాలి తిరిగిందంటే వణుకే. పావురాలు దూరుతున్నాయని ఎవరైనా కన్నాలకు చెక్కలు బిగించేశారేమోనని బీచ్ రోడ్డు దాకా నడుస్తాను. సభాహాలు గోడ పక్కన నిలబడి వింటాను. ఊళ వినబడ్డాకే నా నోట ప్రార్థన వస్తుంది.