దిగడమే కదా అనుకుని సాపుతారా వెళ్లాను

సూరత్‌లో ఎత్తైన చోటు ఏదని మా బడి పిల్లల్ని అడిగితే ఉధ్నా ఫ్లైఓవర్ అంటారు. నేను వాళ్ల తెలుగు మాస్టర్ని. ఆ జవాబుకి మార్కులు ఇవ్వక తప్పదు. ఇలాంటి బల్లపరుపు ఊళ్లో ఉంటూ, కొండమీద నుంచి కిందికి నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తే బుద్ధి నాకెందుకు పుట్టిందో ముందే చెప్పేస్తాను.

పోయినేడు ఇక్కడే, చదునైన రోడ్డు మీద జరిగిన మారథాన్‌లో ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర నన్ను బస్సెక్కించారు. వెనకబడ్డవాళ్లను ఏరుకుంటూ చివర వచ్చే బస్సు అది. సరిగ్గా మా బడి ముందు నుంచే వెళ్లింది. పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, హెడ్మాస్టరు జెండాలు పట్టుకుని నిలబడ్డారు. కిటికీ పక్కనున్న నన్ను చూసి చేతులు కూడా ఊపారు. ఆ రోజు నుంచి స్టాఫ్‌రూమ్‌లో నా పేరు బస్సు సారు. ఆ పేరు చెరిపేయాలంటే ఒకటే దారి, ఇంకో మారథాన్ బస్సెక్కకుండా పూర్తిచేయాలి. సాపుతారా అనే కొండ ఊరి ఘాట్ మీద నుంచి కిందికి మారథాన్ పెడుతున్నారని తెలిసినప్పుడు ఎగిరి గంతేశాను. దిగడమే కదా, కాళ్లు వాటంతటవే వెళ్తాయి అనుకున్నాను. నలభై ఏడేళ్లొచ్చినా బుద్ధి రాని మనిషి ఇలాగే లెక్క వేస్తాడు.

తోడుకి మా సందులోని సత్తన్నను లాగాను. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ముప్ఫయ్యేళ్లుగా సాంచలు నడుపుతున్నాడు. సాంచలంటే మరమగ్గాలు. వాటి మధ్యనున్న ఇరుకు సందుల్లో పన్నెండు గంటల పాళీ అంతా తిరుగుతూనే ఉంటాడు. ఆర్నెల్లు ఇద్దరం పొద్దున్నే ఫ్లైఓవర్ ఎక్కి దిగాం. సత్తన్న పరుగు చూస్తే నాకు నవ్వాగేది కాదు. మడమ నేలకు ఆనించడు, భుజం ఒకటి ముందుకు పెట్టి, జానెడు జానెడు అడుగులేస్తాడు. "నెత్తిమీద నీళ్ల బిందె ఉందా సత్తన్నా?" అని రోజూ ఏడిపించేవాణ్ణి. ఆయన కూడా నవ్వేవాడు.

శనివారం పదకొండున్నరకి ఉధ్నా తీన్ రస్తా దగ్గర రాష్ట్ర బస్సు ఎక్కాం. సచిన్, నవసారి, చిఖలీ మీదుగా వెళ్తుంది. మా ముందు సీట్లో ఓ కుర్ర ఉద్యోగి కూర్చున్నాడు. సూరత్‌లోనే వేసు అనే పేటలో ఉంటాడట, అతనూ పరుగుకే వస్తున్నాడు. చేతికి పళ్లెమంత గడియారం, నడుముకి తూటాల పటకాలాగా, పరుగులో సత్తువకి మింగే జెల్ ప్యాకెట్లు. నావైపు తిరిగి "అంకుల్, డౌన్‌హిల్ మే క్యా హై, ముఫ్త్ కా మారథాన్ హై" అన్నాడు, దిగుడంటే ఊరికే వచ్చే మారథాన్ అని. నా మనసులో మాటే అతని నోట్లోంచి వచ్చేసరికి ఎంత వెకిలిగా ఉందో తెలిసింది. అయినా తెలివి రాలేదు.

వాంసదా దగ్గర కూరగాయల బుట్టతో ఓ ముసలమ్మ ఎక్కింది. ఎక్కడికని గుజరాతీలో అడిగితే, రేపు కొండ దిగి పరుగెత్తడానికి ఇవాళ కొండెక్కుతున్నామని చెప్పాను. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడు కిందే ఉన్నారు కదా నాయనా" అంది. ఆ మాటకి సత్తన్న వఘై దాకా నవ్వుతూనే ఉన్నాడు.

నాలుగున్నరకి సాపుతారా చేరాం. లాడ్జిలో గది పన్నెండు వందలు. లోయ కనిపించే గది అన్నారు, కిటికీ తెరిస్తే పక్కింటి నీళ్ల ట్యాంకు కనిపించింది. లోయ ఏదని అడిగితే ట్యాంకు వెనక ఉందన్నాడు మేనేజరు. పరుగువాళ్లందరికీ సాయంత్రం ఆరున్నరకి భోజనం పెట్టారు. పాస్తా అట, చల్లారి జిగురుగా ఉంది. దాని గురించి మైకులో ఇరవై నిమిషాలు ఉపన్యాసం. సత్తన్న సంచీలోంచి భార్య చేసిచ్చిన సర్వపిండి తీశాడు. నేను రెండూ తిన్నాను.

ఆదివారం ఆరింటికి పరుగు మొదలవ్వాలి. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, ఆరోగ్యమే మహాభాగ్యమని పొట్ట నిమురుకుంటూ చెప్పి, జెండా ఊపేసరికి ఆరూ ఇరవై. పరుగు పూర్తిచేయడానికి ఇచ్చే ఆరు గంటల వ్యవధి కూడా అప్పట్నుంచే లెక్కపెట్టారు, కాబట్టి ఆ సాకు నాకు దక్కలేదు.

ఘాట్ రోడ్డు మీద మంచు కమ్ముకుని ఉంది. నేను దూసుకెళ్లాను. మలుపు మలుపుకీ ఒకణ్ణి దాటాను. సత్తన్న మొదటి కిలోమీటరులోనే వెనకబడ్డాడు. పదిహేను కిలోమీటర్ల దగ్గర బాధ లేదు, ఆయాసం లేదు. స్టాఫ్‌రూమ్‌లో ఏమని మొదలుపెట్టాలో మాటలు కూర్చుకుంటున్నాను. సగం దూరం రెండు గంటల పది నిమిషాల్లో అయిపోయింది. నా జన్మలో అంత వేగంగా పరుగెత్తలేదు.

ఇరవై ఏడో కిలోమీటరు దగ్గర కుడి తొడ వణికింది. అరకిలోమీటరు తర్వాత ఎడమది. దిగుడులో ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టేనని, ఇరవై ఏడు కిలోమీటర్లు నేను మడమలతో బ్రేకులు వేస్తూ వచ్చానని అప్పటిదాకా తట్టలేదు. ఫ్లైఓవర్ దిగుడు మూడు నిమిషాల్లో అయిపోతుంది మరి. తొడలు పచ్చిపుండులా అయ్యాయి. ముప్ఫయ్యో కిలోమీటరు నుంచి నడక. దిగుడు వచ్చిన చోటల్లా ఏడుపొచ్చింది, ఎక్కుడు వస్తే ప్రాణం లేచొచ్చింది. కొండెక్కే మారథాన్‌కి ఎందుకు వెళ్లలేదురా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

వెనకనుంచి సన్నటి అడుగుల చప్పుడైంది. సత్తన్న. అదే నడక, అదే భుజం.

"సారూ, మడమ గట్టిగ ఏస్తున్రు. నూనె నేల అనుకోన్రి. సాంచల కాడ మడమ ఏస్తె జారి పడ్తం. గిట్ల సన్నగ, ముంగటి పాదం పెట్టున్రి."

ఆర్నెల్లుగా నేను వెక్కిరించిన నడకకి కారణం కార్ఖానాలో నూనె కారిన నేల అని అప్పుడే తెలిసింది. తెలిసినా నోరు ఊరుకోలేదు.

"పరుగు పాఠాలు నాకు చెప్పకు సత్తన్నా. నీ తొవ్వల నువ్వు పో."

"మంచిది సారు" అని సాగిపోయాడు. కోపం రాలేదు ఆ మనిషికి. అదింకా మండించింది నన్ను.

ముప్ఫై అయిదు దాటేసరికి అయిదు గంటలు అయిపోయాయి. వెనక హారన్ మోగింది. అదే రకం బస్సు. నా పక్కన ఆగింది, తలుపు తెరుచుకుంది, చల్లగాలి మొహానికి తగిలింది. నిజం చెబుతున్నాను, ఒక కాలు మెట్టు మీద పెట్టాను. లోపల మొదటి సీట్లో వేసు కుర్రాడున్నాడు. గడియారం విప్పి ఒళ్లో పెట్టుకుని ఐస్‌క్రీమ్ తింటున్నాడు.

"ఆయియే అంకుల్, ఏసీ హై."

అతని పక్కన కూర్చుని సూరత్ కబుర్లు చెప్పుకోవడం కంటే ఈ రోడ్డు మీద పడి ఉండడం నయమనిపించింది. మెట్టు మీంచి కాలు తీశాను. వ్యవధి లోపల చేరలేరు, ఇక మీ ఇష్టం అని చెప్పి డ్రైవరు తలుపు వేసుకున్నాడు.

బస్సు మలుపు తిరిగేదాకా ఆగాను, ఎవరూ చూడకూడదని. తర్వాత భుజం ముందుకు పెట్టి, మడమ ఎత్తి, జానెడు జానెడుగా వేశాను. నూనె నేల, నూనె నేల అని మనసులో అనుకుంటూ. నొప్పి పోలేదు కానీ మోకాలు మడత పడిపోవడం ఆగింది. అలాగే ఏడు కిలోమీటర్లు వెళ్లాను. రోడ్డు మీది కోళ్లు కూడా నన్ను దాటిపోయినట్టు గుర్తు.

వఘైకి ముందున్న పల్లెలో ముగింపు. నేను చేరేసరికి ఆరు గంటల తొమ్మిది నిమిషాలు. గాలి తీసేసిన ముగింపు కమానును ఇద్దరు చాపలాగా చుడుతున్నారు. పతకాల పెట్టెకి టేపు వేసేశారు. "సారీ సర్, టైమ్ ఓవర్" అంది అక్కడి అమ్మాయి, అరటిపండు మాత్రం ఇచ్చింది. సత్తన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎనిమిది నిమిషాలు మిగిలి ఉండగానే వచ్చాడట. పతకం మెళ్లో లేదు, సర్వపిండి డబ్బాలో పెట్టేశాడు.

"బస్సు ఎక్కిన్రా సారు?"

"ఎక్కలే."

"ఇగ ఏంది మరి, కూసోన్రి" అని జరిగాడు.

కూర్చున్నాను. లేవడానికి ఆయన చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. తొవ్వలో అన్న మాటకి తప్పైందని అక్కడే చెప్పాను. ఆయనకి గుర్తు కూడా లేదు.

ఒకటిన్నరకి సూరత్ బస్సు దొరికింది. ఎవరైనా ఈ పరుగుకి వెళ్లదలిస్తే నా అనుభవం ఇది: ఘాట్ అందంగా ఉంటుంది, లాడ్జిలో ముందు కిటికీ తెరిచి చూశాకే డబ్బులివ్వండి, పాస్తా ముట్టకండి. దిగడం సులువని చెప్పేవాడు కనిపిస్తే ఉధ్నాలో ఏదైనా సాంచల కార్ఖానాకి తీసుకెళ్లి ఓ గంట నడిపించండి.

ఆరింటికి ఉధ్నా వచ్చింది. దిగడానికి బస్సుకి మూడు మెట్లు. మొదటి మెట్టు దగ్గరే నా తొడలు మొరాయించాయి. కండక్టరు "కాకా, జల్దీ కరో" అని ఈల వేస్తున్నాడు.

"అడ్డం తిరుగున్రి సారు, సాంచల సందు అనుకోన్రి" అన్నాడు సత్తన్న కిందనుంచి. అడ్డం తిరిగి దిగాను.

"ఏడింటికి పాళీ ఉన్నది, పోవాలె" అని సంచీ భుజానికేసుకున్నాడు.

"ఇయ్యాలనా? ఈ కాళ్లతోనా?"

"కాళ్లతోనె కద సారు."

కార్ఖానా వైపు అదే నడకతో వెళ్లిపోయాడు. నేను ఇంటి సందులోకి తిరిగాను. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ దూరంనుంచే చూసి, "ఏంది, సత్తన్న లెక్క నడుస్తున్నరు?" అని నవ్వింది.

"ఆయన లెక్క ఇంకా రాలే" అన్నాను. "నేర్చుకుంటున్న."