శనివారం పూట ఏలిక

మొన్న ఇక్కడ అరిజోనాలో, మా చాండ్లర్‌లోనే ఒక స్నేహితురాలు భోజనానికి పిలిస్తే వెళ్లాం. ఊళ్లోకి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి పళ్లెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, చాలు ఆంటీ, ప్లీజ్ అని మొత్తుకుంటున్నా వినకుండా, మా స్నేహితురాలు ఆ వేళ్ల సందులోంచే రెండో బొబ్బట్టు జారవిడిచింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఎదురుగా కూర్చున్న మా వారు నా వంక ఒక చూపు చూశారు. ఆ చూపేమిటో చెప్పాలంటే దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. చెప్పొచ్చా కూడదా అని చాలాకాలం మీనమేషాలు లెక్కపెట్టాను గాని, అరవై దాటాక ఇంకా ఎవరికి జడవాలి?

రెండువేల ఆరో సంవత్సరం ప్రాంతం. మా అమ్మాయి యూనివర్సిటీ చదువుకని వేరే రాష్ట్రం వెళ్లిపోయింది, ఇల్లు బావురుమంటోంది. నేను సిటీ లైబ్రరీలో పనిచేసేదాన్ని, మా వారు కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో షిఫ్ట్ మేనేజర్. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి సూట్లు తొడుక్కున్న నలభైమందికి రోజంతా ఏం చెయ్యాలో చెప్పి, ఇంటికొచ్చి సోఫాలో కూలబడేవారు. లైబ్రరీలో పాతబడి అమ్మకానికి పెట్టిన పుస్తకాల్లోంచి ఒకసారి ఏడు లావుపాటి భాగాల నవల ఒకటి తెచ్చి ఆయన ఒళ్లో పడేశాను. లేని దేశం, లేని కోటలు, మంచులో ఎగిరే గుర్రాలు, అన్నిటికీ మించి ఒక రాణి, ఆమెకి తమంతట తాము ప్రమాణం చేసి కట్టుబడ్డ బంట్లు. ఆ రాజ్యంలో బంటు తన ఇష్టాన్ని ఏలిక చేతిలో పెడతాడు, కావాలనుకున్న క్షణాన వెనక్కి అడిగి తీసుకుంటాడు, ఆవిడ మారుమాటాడకుండా ఇచ్చెయ్యాలి. నాకదంతా చిన్నపిల్లల కథలా అనిపించింది గాని, మా వారు మాత్రం ఏడు భాగాలూ రెండుసార్లు చదివారు.

ఒక ఆదివారం మూడో భాగంలో ఒక పేజీ మడిచి, చదివి చూడు అని నా ముందు పెట్టి గరాజ్‌లోకి వెళ్లిపోయారు. చదివాను, బంటు మోకరిల్లడం తప్ప అందులో నాకేమీ కనిపించలేదు. ఈయనకేదో జబ్బు బయటపడింది, నోటితో చెప్పలేక ఇలా చెబుతున్నారేమోనని రెండు రోజులు హడలి చచ్చాను. చివరికి నిలదీస్తే, నేలచూపులు చూస్తూ చెప్పారు. వారానికొక్క రోజు, శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, తను బంటుగా ఉంటారట, నన్ను ఏలికగా ఉండమన్నారు. నాకు నవ్వాగలేదు. నలుగురు అక్కచెల్లెళ్లలో పెద్దదాన్ని, నా నోటికి ఎప్పుడూ ఎదురు లేదు, ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో నడుస్తున్నది నా రాజ్యమే కదా, కొత్తగా శనివారం దేనికని అడిగాను. ఇన్నాళ్లూ నువ్వు తీసుకున్నావు, ఇది నేను ఇస్తున్నాను అన్నారాయన, ఎర్రబడిన మొహంతో. ఆ మాట నాకు సగమే అర్థమైంది.

ఇద్దరం కూర్చుని కాగితం మీద షరతులు రాసుకున్నాం. ఇద్దరికీ ఇష్టమైతేనే ఏదైనా, ఎవరు ఆపమన్నా ఆపాలి, ఆపడానికి ఒక మాట ఉండాలి. ఆ మాట ‘చాలు’ అని పెట్టుకున్నాం. ఇంతకన్నా తేలికైన మాట ఏముంటుందనుకున్నాం. శనివారాలు ఆయన నన్ను మీరు అనేవారు, నేను ఆయన్ని నువ్వు అనాలి. పెళ్లయిన నాటినుంచీ ఏమండీ అని పిలిచిన నోటికి ఆ నువ్వు తిరగడానికి ఆరు వారాలు పట్టింది. ఆయన కాఫీ కలిపి తెచ్చి, నేను కూర్చోమనేదాకా నిలబడేవారు, నేను చెప్పిన పని చెప్పినట్టు చేసేవారు, మధ్యాహ్నం నా కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆ నవల పైకి చదివి వినిపించేవారు. అంతకు మించిన సంగతులు మా ఇద్దరివీ, అవి మాతోనే ఉంటాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకెంతో బాగుండేది. నలభైమంది బరువు ఆయన భుజాల మీంచి దిగిపోవడం కళ్లారా చూసేదాన్ని. పక్కింటివాళ్లు చూస్తారేమోనని పొద్దున్నే పరదాలు లాగడం మాత్రం నా పనే.

ఆ నవల చదివి మాలాగే బతుకుతున్నవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారని మా వారే కంప్యూటర్‌లో వెతికి పట్టుకున్నారు. నెలకోసారి పక్క ఊరు మేసాలో ఒక పాన్‌కేక్ హోటల్‌లో మామూలు బట్టల్లో కలిసి భోంచేసేవాళ్లు, మేమూ వెళ్లడం మొదలుపెట్టాం. నర్సులు, ప్లంబర్లు, ఒక లెక్కల మాస్టారు. వాళ్లందరికీ పెద్దదిక్కు డెబ్భై ఏళ్ల ఒకావిడ, స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆవిడ బంటు ఆరడుగుల మాజీ ఫైర్‌మన్, ఆవిడ కాఫీలో చక్కెర ఎన్ని చెంచాలో ఆవిడకన్నా ఆయనకే బాగా తెలుసు.

మే నెలలో ఒక శనివారం పొద్దున్న, ఎండ ముదరకముందు, వెనకవైపు పాటియోలో కూర్చున్నాను. మా వారు పలకల నేల మీద మోకరిల్లి చదువుతున్నారు. కథ మంచి పట్టులో ఉంది. పేజీ చివర చాలు అన్నారు. ఇంకొక్క పేజీ అన్నాను, ఇంకొక్క గారె అన్నంత తేలిగ్గా. చదివారు. మళ్లీ చాలు అన్నారు. మొహమాటమా, కానీ కానీ అని నవ్వాను. అధ్యాయం పూర్తయ్యేదాకా చదివి, పుస్తకం మూసి, లేవబోయి లేవలేకపోయారు. కాలేజీ రోజుల్లో బ్యాడ్మింటన్ ఆడుతూ దెబ్బతిన్న మోకాలు అది, నాకు తెలియంది కాదు. కంగారుగా ఐస్ తెచ్చి కడుతూ, ముందే చెప్పొచ్చు కదండీ అన్నాను.

“చెప్పాను కదే, రెండుసార్లు,” అన్నారు.

కోప్పడలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తరవాతి శనివారం ఫ్యాక్టరీలో పని ఉందన్నారు. ఆ తరవాతిదీ అంతే. మూడో వారం ఇంట్లోనే ఉండి గడ్డి కత్తిరించుకున్నారు, నన్ను నువ్వు అనే పిలిచారు. ఏడు భాగాలూ పైఅరలోకి వెళ్లిపోయాయి. మామధ్య గొడవేం లేదు, నవ్వుతూనే మాట్లాడుకునేవాళ్లం, కానీ ఆ మనిషి లోకంలో ఇంకెవరికీ ఇవ్వనిది నాకిచ్చారని, దాన్ని నేను చేజేతులా పోగొట్టుకున్నానని నాకు తెలుసు. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ఏడ్చిన రోజులున్నాయి.

సిగ్గు చంపుకుని పాన్‌కేక్ హోటల్‌కి ఒంటరిగా వెళ్లి, ఆ పెద్దావిడకి చెప్పుకున్నాను. చాలు అన్నవాళ్లకి మళ్లీ వడ్డించడం మాలో మర్యాద అనీ, మూడుసార్లు వద్దంటే గాని వద్దన్నట్టు కాదనీ వివరిస్తుంటే ఆవిడ నోరు తెరుచుకుని విన్నది. తిట్టలేదు. భర్త సంగతి ప్రస్తుతానికి వదిలెయ్యి, ముందు నీ భోజనాల బల్ల దగ్గర మొదటి ‘వద్దు’కే ఆగడం నేర్చుకో అంది.

ఆ ఆదివారం మా ఇంట్లో పన్నెండుమంది భోజనానికొచ్చారు. పులిహోర వద్దన్నవాళ్ల దగ్గర ఆగలేదు, గారె చాలన్నవాళ్లకి రెండోది వెయ్యలేదు, గిన్నె పట్టుకుని ముందుకి సాగిపోయాను. చెయ్యి ఎంత లాగిందో నాకే తెలుసు. పాపం, వాళ్లంతా అలవాటుగా వద్దన్నవాళ్లే. మర్నాడు ఒకావిడ ఫోన్ చేసింది.

“ఏం వదినా, నిన్న మమ్మల్ని అలా వదిలేశావేంటి? తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆగి పిజ్జా తినాల్సొచ్చింది తెలుసా?”

నెల తిరిగేసరికి నేను పిసినారినైపోయానని చాండ్లర్ అంతా చెప్పుకున్నారు. మాకిద్దరికీ పడటం లేదని కూడా ఎవరో పుట్టించారు. మాటలు పడ్డాను గాని, పద్ధతి మార్చుకోలేదు. బల్ల చివర కూర్చుని మా వారు ప్రతిసారీ గమనిస్తూనే ఉన్నారు.

శరదృతువులో, ఉత్తరాన కొండల్లో ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర పైన్ చెట్ల మధ్య, ఆ నవల మనుషులంతా ప్రమాణాల కోసం కలిశారు. అక్కడ పద్ధతేమిటంటే ఏలిక కుర్చీలో కూర్చోవాలంతే, పిలవకూడదు, సైగ చెయ్యకూడదు, బంటు తనంతట తను లేచి రావాలి. రాకపోతే ఎవరూ అడగరు. మా వారే డ్రైవ్ చేసి నన్ను తీసుకొచ్చారు, నేను ఊరికే చూస్తాను అని కారులోనే చెప్పారు. నవలలోలా అందరూ తొడుక్కొచ్చిన మఖమల్ అంగీల మధ్య నేనొక్కదాన్నే వంగపండు రంగు పట్టుచీరలో, మడత కుర్చీలో కూర్చున్నాను. ఫైర్‌మన్ వెళ్లాడు, లెక్కల మాస్టారు వెళ్లాడు, ఒక్కొక్కరే అందరూ అయిపోయారు. నా ముందు గడ్డి ఖాళీగా ఉంది. లేచి కారులోకి వెళ్లిపోదామనుకుంటుండగా ఆయన నడిచి వచ్చారు.

మోకాలికి పట్టీ వేసుకుని ఉన్నారు. అంటే పొద్దున్నే ఆలోచించుకునే వచ్చారన్నమాట! మోకరిల్లి, తెలుగులో, తన సొంత మాటల్లో ప్రమాణం మొదలుపెట్టారు. రెండో వాక్యం సగంలో ఉన్నట్టుండి ఆగి, చాలు అన్నారు.

నేను లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. రెండు చేతులూ పట్టుకుని ఆయన్ని పైకి లేపేశాను. చుట్టూ జనం ఏదో ప్రమాదం జరిగిందనుకుని ముందుకొచ్చారు. చూస్తే ఈయన కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు.

“ఏం నొప్పి లేదు. చూద్దామనే అన్నాను,” అన్నారు.

నిలబడే మిగతా ప్రమాణం పూర్తి చేశారు. సంగతి అర్థమైన పెద్దావిడ లేచి చప్పట్లు కొట్టింది, తరవాత అందరూ కొట్టారు. తలెత్తుకుని నిలబడ్డాను. డిగ్రీ పట్టా పుచ్చుకున్నప్పుడూ, పౌరసత్వం వచ్చినప్పుడూ నేనంత గర్వపడలేదు.

ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు. పాన్‌కేక్ హోటల్ స్థానంలో ఫోన్ల షాపు వచ్చింది. ఈ కాలం పిల్లలు ఇలాంటివి ఫోన్లలో బాహాటంగానే మాట్లాడుకుంటారట, పరదాలు లాగే పని వాళ్లకి లేదు, సంతోషమే. మా వారికి రెండు మోకాళ్లూ ఆపరేషన్ అయ్యాయి, ఇక నేల మీద కూర్చోకూడదని డాక్టరు తేల్చి చెప్పాడు. శనివారాలు ఇద్దరం ఒకే ఎత్తు కుర్చీల్లో కూర్చుంటాం, ఎవరు ఏలికో, ఎవరు బంటో చూసినవాళ్లు చెప్పలేరు. ఈ దేశంలో మాకు దక్కినవన్నీ దరఖాస్తు పెట్టుకుని, వరసలో నిలబడి తెచ్చుకున్నవే. ఇదొక్కటి మాత్రం ఒక మనిషి తనంతట తను లేచి వచ్చి నా చేతిలో పెట్టాడు. ఏ శనివారమైనా వెనక్కి తీసుకోవచ్చని ఇద్దరికీ తెలుసు. ఆయన తీసుకోలేదు.