పది తిప్పులకు పన్నెండు

నా చిన్నప్పుడు మా పెదనాన్న లారీకి గేరుబాక్సు ఎంచి పెట్టింది నేనే. పిల్లలకు ఇలాగే చెబుతుంటాను. అప్పటికి నాకు ఏడేళ్లంటాను. నిజానికి పదకొండు నిండాయి. ఎంచింది కూడా నేను కాదు, మా లారీ బాగుచేసే మేస్త్రి. ఇక దాచడం దేనికి, జరిగినదంతా చెబుతాను.

అరవైల చివరి మాట. పెదనాన్నది పాత మిలటరీ లారీ. పాతపట్నం అవతల కొండవార ఊళ్లలో గోగునార ఎత్తి విజయనగరం మిల్లులకు తోలేవాడు. ముందు చక్రాలు కూడా లాగే బండి కాబట్టి ఎంత బురదైనా దాటేది. నరసన్నపేట దగ్గర తారురోడ్డెక్కితే మాత్రం ఇంజను గోలపెట్టేది. నాలుగో గేరు తరవాత వేయడానికి ఇంకో గేరు లేదు మరి. ఆ ఒత్తిడికే ఒకసారి బేరింగులు మాడిపోయాయి. "ఇంకోపాలి ఇలాగైతే బండి తుక్కే బావూ," అన్నాడు మేస్త్రి. ఆ బండి మీదే మా రెండిళ్ల అన్నం. తారురోడ్డు మీద ఇంజనుకు ఊపిరాడేలా ఓవర్‌డ్రైవు, అంటే ఇంజను కంటే వెనక ఇరుసు ఎక్కువసార్లు తిరిగే ఆఖరి గేరు, ఉన్న గేరుబాక్సు కావాలి. ముందు చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసూ అరిగిపోయింది, అదీ కావాలి. ముగ్గురం విజయనగరంలో మిలటరీ పాత సామాన్లు అమ్మే షెడ్డుకు వెళ్లాం.

అక్కడ గేరుబాక్సూ ట్రాన్స్‌ఫర్ కేసూ కలిపి రెండు జతలున్నాయి. మొదటి జతలో ట్రాన్స్‌ఫర్ కేసు నిక్షేపంలా ఉంది. రెండోదాంట్లో మీట బిగుసుకుపోయి కదలదు. గేరుబాక్సులు రెండూ ఓవర్‌డ్రైవువేనని షెడ్డాయన ఒట్టేశాడు. మా మేస్త్రి ఒట్లు వినే మనిషి కాదు. మొదటిదాని పైమూత తీయించి, ఆఖరి గేరు జారిపోకుండా పెదనాన్నను పట్టుకోమన్నాడు. ఇంజను వైపు ఇరుసును తను పదిసార్లు తిప్పుతాడు. వెనక ఇరుసు మీద సుద్దగీత ఎన్నిసార్లు పైకొచ్చిందో నేను లెక్కపెట్టాలి.

"పదికి పదే వస్తే మన పాతదాని లాటిదే. పన్నెండొస్తే అదీ మనకి కావలసింది. సూడరా గుంటడా," అన్నాడు.

నాలుగు దాకా చూశాను. ఎదురుగా మేకుకు సైనికుల ముసుగొకటి వేలాడుతోంది. గాజుకళ్లు, ముక్కుండాల్సిన చోట గొట్టం. కళ్లు అటు పోయాయి.

"ఎన్నిరా?"

"పన్నెండు."

పెదనాన్న ముఖం విప్పారింది. మేస్త్రి నన్నొకసారి చూసి, "ఏదీ, ఈపాలి నువ్వు తిప్పు, నేను లెక్కెడతాను," అన్నాడు. తిప్పుతూ మెడ వంచి గీతనే చూశాను. పది. సరిగ్గా పది. తలెత్తేసరికి మేస్త్రి, "పన్నెండే బావూ. గుంటడు సరిగ్గానే సెప్పినాడు," అంటున్నాడు.

నా అబద్ధానికి పెద్దవాడి సాక్ష్యం దొరికింది. ఇప్పుడు నేను పది అంటే మేస్త్రి అబద్ధాలకోరవుతాడు. అనకపోతే లారీ పోతుంది.

వెంటనే "కాదు, పది" అని అరిచానని పిల్లలకు చెబుతాను. అరవలేదు. బేరం అయిపోయింది. నలుగురు పట్టి ఆ జతను ఎడ్లబండి మీదకు చేర్చారు, తాళ్లు బిగించారు. "మనింటి మేస్త్రివిరా," అని పెదనాన్న బెల్లం జీళ్లు కొనిపెట్టాడు. జీళ్ల పొట్లం విప్పకుండా జేబులో కుక్కుకున్నాను. మారుమూల రోడ్డు మీద పొగలు కక్కుతూ ఆగిన లారీ, దాని పక్కన తల పట్టుకుని కూర్చున్న పెదనాన్న కళ్లముందు మెదిలారు. బండివాడు ఎడ్లను అదిలించాక గానీ నోరు పెగల్లేదు.

"పదే పెదనాన్నా. నేను సూడలేదు."

పెదనాన్న నన్ను కాదు, మేస్త్రిని చూశాడు. మేస్త్రి అప్పటికే, "తాళ్లిప్పండర్రా," అంటున్నాడు.

"ఆడు నోరిప్పకపోతే ఏటి సేసీవోడివి?" అన్నాడు పెదనాన్న.

"ఏటో బావూ. ఇప్పుతాడనుకున్నాను."

ఇప్పకపోతే తనే ఆపేవాడా? ఆయన బతికుండగా అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

రెండో గేరుబాక్సుకూ మేస్త్రి నన్నే కూర్చోబెట్టాడు. రెప్ప వేయకుండా చూశాను. పన్నెండూ, పైన మరికాస్త. బోల్టు రంధ్రాలు కొలిచి చూసి, దీన్నీ మొదటి జతలోని ట్రాన్స్‌ఫర్ కేసునూ కలిపి తీసుకున్నాడు. ఆ లారీ మరో ఎనిమిదేళ్లు నార మోసింది.

నేనన్న మాటను ఎవరైనా మారు ప్రశ్న లేకుండా ఒప్పేసుకుంటే ఇప్పటికీ నాకు కుదురుండదు. వీధి మలుపు దాకా వెళ్లి కూడా వెనక్కొచ్చి, "ఉండండి, నేను సరిగా చూడలేదు," అంటాను. ఆలస్యంగానే అంటాను, కానీ అంటాను.